ఆమేన్ గడి

పోయిన నెలలో ఏలూరు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నేను పనిచేసిన రెస్టారెంట్‌లో క్వాలిటీ సూపర్‌వైజర్‌గా కొత్తగా చేరిందట.

"సార్, ఫింగర్ చిప్స్ షీట్‌లో రంగు, పొడవు, కరకర, లోపలి మెత్తదనం, ఉప్పు అని అయిదు గడులున్నాయండి. అవి అర్థమయ్యాయండి. ఆరో గడిలో 'ఆమేన్' అని ఉందండి. అదేంటో ఇక్కడ ఎవరికీ తెలీదంటున్నారు. పెట్టింది మీరేనన్నారండి."

"మరి ఆ గడిలో ఏం రాస్తున్నారమ్మా?"

"ఖాళీగా వదిలేస్తున్నామండి."

ఫోన్‌లో తేలే సంగతి కాదు, రాసి పంపుతానన్నాను. రాయడానికి కూర్చున్నాక, ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లలకు కూడా పనికొస్తుందేమో అనిపించింది. నేను ఎప్పుడు చేరాను, ఎప్పుడు పెద్ద కుర్చీ ఎక్కాను, గోడకు ఏ సర్టిఫికెట్లు తగిలించారు అన్న సొద ఇందులో ఉండదు. బంగాళాదుంపలుంటాయి. రూతమ్మ ఉంటుంది. నేను చేసిన ఒక పెద్ద తప్పు ఉంటుంది.

గూడెం చేతులు

మాది తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల మార్కెట్‌లో మా నాన్నగారికి కొట్టుండేది. ఉల్లితోపాటు ఉత్తరాది నుంచి బంగాళాదుంపలు కూడా దిగేవి. నాకు చదువు అంతంతమాత్రంగానే అబ్బింది గానీ, దుంప చేతిలో పెడితే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలిగేవాణ్ణి. బొటనవేలితో రుద్దితే తొక్క పొరలా లేచిందంటే కొత్త పంట. గట్టిగా పట్టుకుని ఉందంటే నిల్వ సరుకు.

రెండువేల సంవత్సరం దాటాక, ఉండి అనే ఊరి వైపు చేపల చెరువులున్న ఒక రాజుగారు ఏలూరులో ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్ పెట్టారు. ఒకరోజు సరుకు కోసం స్వయంగా మా కొట్టుకు వచ్చారు. ఆయన బేరమాడుతున్న బస్తా చూసి, అది తీసుకోవద్దన్నాను.

"అదేంటండీ గుప్తగారూ, సొంత సరుకే వద్దంటారా?"

"వేపుడుకి పనికిరాదండి. కోల్డ్ స్టోరేజీలో చాన్నాళ్లున్న దుంపండి ఇది, తీపెక్కుంటది. మూకుట్లో వేస్తే లోపల ఉడక్కముందే పైన నల్లబడిపోద్దండి."

రాజుగారు ఆ బస్తాలోంచి ఒక దుంప తీసి చూశారు. "అయితే మా వంటాయన్ని నెలరోజుల్నించీ ఊరికే తిట్టేనన్నమాట," అన్నారు. వారం తిరక్కుండా నన్ను ఏలూరు రప్పించుకున్నారు.

ఆయన కోపిష్టే. కానీ ఆ ఒక్క మాట అన్నారు చూడండి, అందుకే ఆయన దగ్గర అన్నేళ్లు పనిచేశాను. తను పొరబడ్డానని పైకి అనగలిగిన యజమాని దొరికితే వదులుకోకండి. మూకుడు దగ్గర మనిషిని అనే ముందు బస్తాలో చెయ్యి పెట్టి చూడాలని నేనూ ఆ రోజే నేర్చుకున్నాను. నేర్చుకున్నానని అనుకున్నాను.

మా ఇంట్లో నీసు ముట్టం కాబట్టి చేపలూ కోళ్లూ నా లెక్కలోకి రావు. శాకాహారం వైపు, అందులోనూ ముఖ్యంగా ఫింగర్ చిప్స్ నాకు అప్పగించారు. ఫ్రెంచ్ ఫ్రైస్ అన్న పేరు మా మెనూలోకి తర్వాతెప్పుడో వచ్చింది. దుంప ముక్కలకు ఇంత హడావుడేమిటని బంధువులు నవ్వేవారు. రాజుగారి లెక్క వేరు. "బిర్యానీ అందరూ చేస్తారండి. చిప్స్ కోసం పిల్లలు పేచీ పెడతారు. పిల్లలు ఏ హోటలంటే పెద్దాళ్లు ఆ హోటల్‌కే వస్తారండి," అనేవారు. అది నిజమే అయ్యింది.

నిలబడి తినేవాణ్ణి

వాయి మూకుట్లోంచి తీసి జల్లెడలో పొయ్యగానే నేను ఎదురుగా ఉండేవాణ్ణి. ఒక ముక్క చివర పట్టుకుంటే రెండో చివర తల వంచకూడదు. వంచిందా, ఆ వాయి పోయినట్టే. విరిస్తే చప్పుడు రావాలి. లోపల దుంప తెల్లగా, పొడిపొడిగా ఉండాలి. కొరికాక పెదాలకు నూనె అంటకూడదు. ఇదంతా ఒక్క నిమిషంలో తేలిపోవాలి, ఎందుకంటే వేడి తగ్గితే రుచి తెలియదని నా సిద్ధాంతం.

రాజుగారు ఎక్కడినుంచో తెచ్చిన రంగుల అట్ట ఒకటి గోడకు ఉండేది. లేత పసుపు నుంచి ముదురు గోధుమ దాకా ఏడు రంగులు. మూడోది మన రంగు అని ఆయన పెన్నుతో సున్నా చుట్టారు.

నా నాలుకంటే వంటింట్లో అందరికీ హడలు. నేను జేబులోంచి పెన్ను తీస్తే గరిటెల చప్పుడు కూడా తగ్గేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు నాకది ఎంతో బాగుండేది. ఎవరికీ పదికి పది వేసేవాణ్ణి కాదు. తొమ్మిది వేస్తే ఆ రోజు పండగే. మీకూ ఆ సుఖం దొరుకుతుంది. దానితో మాత్రం జాగ్రత్తగా ఉండండి.

రూతమ్మ వాయి

రూతమ్మది కొల్లేటి లంక గ్రామం. రోజూ కైకలూరు రోడ్డున బస్సెక్కి ఏలూరు వచ్చేది. దుంపలు తరగడం, చిప్స్ వేయించడం ఆవిడ పని. నాకంటే నాలుగేళ్లు పెద్దదేమో. భర్త అక్కడే ఒక చేపల చెరువుకు కాపలా ఉండేవాడు.

ఆవిడ పని చూసి తీరాలి. ముక్కల్ని నీళ్లు తేటపడేదాకా కడిగేది. పాత పంచె మీద పలచగా పరిచి, ఫ్యాన్ కింద ఆరబెట్టేది. ఆ పంచె దగ్గరికి తడి చేత్తో ఎవరొచ్చినా ఊరుకునేది కాదు. ఊళ్లో చేపలు ఎండబెట్టిన మనిషి కదా, తడి అంటే పగ. ముందు సన్నసెగ మీద రంగు రాకుండా ఉడికించి తీసేది. పళ్లెంలో చల్లార్చి, ఆర్డరు వచ్చాక పెద్ద మంట మీద మళ్లీ వేసేది.

మా ఇద్దరికీ పేచీ వచ్చేది ఆ రెండోసారి దగ్గరే. అట్ట మీది మూడో రంగుకు తీసేది కాదు. అయిదో రంగు దాకా ఉంచేది.

"రంగు ఎక్కువైంది రూతమ్మా."

"ఆగాలి కదండీ గుప్తగారూ."

"ఆగడమేంటి? ముందే తియ్యమని కదా నేను చెప్పేది."

"ఆయ్, అలాగేనండి," అనేది. తర్వాతి వాయి కూడా అయిదో రంగే.

ఆగాలంటే ఎంతసేపు, ఎవరికోసం అని నేను ఒక్కసారీ అడగలేదు. మొండితనం అనుకుని రంగు గడిలో మార్కులు కోసేవాణ్ణి. అలా మూడేళ్లు కోశాను.

సంతకం

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్లు కొట్టేసిన ఏడాది అది. రూతమ్మ భర్త కాపలా ఉన్న చెరువు కూడా పోయింది. అతనికి దొరికిన రోజు కూలి, దొరకని రోజు లేదు. ఇల్లు ఆవిడ ఉద్యోగం మీదే నడుస్తోంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

అప్పుడే విజయవాడ నుంచి ఫ్రీజర్ వ్యానులో ప్యాకెట్ చిప్స్ రావడం మొదలైంది. తరిగి, సగం వేయించి, గడ్డకట్టించినవి. ప్యాకెట్ కోసి నూనెలో పోస్తే చాలు. రాజుగారు నన్ను పిలిచారు.

"పది రోజులు రెండు రకాలూ వేయిద్దామండి. మీ నోరు ఏదంటే అదేనండి. ప్యాకెట్టే నెగ్గితే తరుగుడు సెక్షన్ తీసేద్దాం."

పది రోజులూ నా ముందు రెండు పళ్లేలు పెట్టారు. ఏది ఎవరిదో చెప్పనక్కర్లేదు, రంగు చూస్తేనే తెలిసిపోతుంది. అయినా మార్కులు నిజాయితీగానే వేశాను. ప్యాకెట్ ముక్కలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే పొడవు. సరిగ్గా మూడో రంగు. వేడిమీద కొరికితే చిటుక్కుమంటున్నాయి. రూతమ్మవి కాస్త గట్టిగా, పెళుసుగా తగిలాయి. పదిలో తొమ్మిది రోజులు ప్యాకెట్టే నెగ్గింది. కాగితం కింద సంతకం పెట్టాను.

ఆవిడకు చెప్పే పని కూడా నాకే పడింది. శనివారం సాయంత్రం చెప్పాను. ఏడవలేదు, బతిమాలలేదు. కత్తిపీట కడిగి బోర్లించింది. ఆ పంచె ఉతికి, ఆరాక నాలుగు మడతలు వేసి నా చేతిలో పెట్టింది.

"ఇది హోటల్‌దేనండి. మీ నోటికి నచ్చలేదంటే ఇంక చెప్పేదేముందండి," అని బస్సుకు వెళ్లిపోయింది.

నా పని రుచి చూడటం, మనుషుల ఇళ్లు చూడటం కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రాత్రి చాలాసార్లు చెప్పుకోవలసి వచ్చింది.

ఆదివారం పళ్లేలు

మామూలు రోజుల్లో ఏ గొడవా లేదు. కాలేజీ పిల్లలు వస్తారు, పళ్లెం బల్లమీద పెట్టీపెట్టకముందే ఖాళీ చేస్తారు. చిక్కంతా ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. చర్చిలో ఆరాధన అయ్యాక కుటుంబాలకు కుటుంబాలు మా ఏసీ హాలుకు వచ్చేవి. తెల్లచీరలు, ఇస్త్రీ చొక్కాలు, బల్ల చివర పేర్చిన బైబిళ్లు. మా వారానికి అదే పెద్ద పూట. ఆ బల్లల మీంచి చిప్స్ సగానికి సగం తిరిగి రావడం మొదలైంది.

పళ్లేలు కడిగే చోట నిలబడి నా కళ్లతో చూశాను. మెత్తగా, నూనె ఓడుతూ, వానపాముల్లా పడి ఉన్నాయి. నూనె మార్పించాను. కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్లో సరుకు కరిగిందేమోనని దాని తలుపు దగ్గర కాపలా కాశాను. ఒక పెద్దావిడ, టీచరుగా చేసి రిటైరైనావిడ, నన్ను పిలిచి మరీ అడిగింది.

"ఏవండీ, మునుపటి చిప్స్ చెయ్యట్లేదాండీ? ఇవి వడలిపోయాయి."

వంటింట్లోకి వెళ్లి అదే వాయిలోంచి ఇంకో ముక్క తిన్నాను. కరకరలాడుతోంది. ఆవిడ నోటికే ఏదో అయ్యుంటుందని సరిపెట్టుకున్నాను. నా నాలుక మీద నాకు అంత నమ్మకం.

రాజుగారు ఊరుకోలేదు. "మీరు బాగుందన్నదే పెడుతున్నాం కదండీ. ఆదివారం పూట దుంప మారిపోద్దేంటండీ?" అన్నారు.  నాలుగో ఆదివారం కూడా అదే జరిగాక, సోమవారం పొద్దున్నే కైకలూరు బస్సెక్కాను. క్షమాపణ చెప్పడానికి అనుకునేరు. అప్పటికి నేను అంత మంచివాణ్ణి కాదు. కిటుకేమిటో అడిగి వద్దామని వెళ్లాను.

ఒక్క నిమిషమండి

రూతమ్మ ఇల్లు గట్టు పక్కనే. భర్త పనికి వెళ్లాడు. తెగిన చెరువులో నీళ్లు లేవు, గడ్డి మొలుస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపడినా బయటపడలేదు. "రండి గుప్తగారండీ, కూర్చోండి," అని కుర్చీ వేసింది.

సంగతంతా చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్లి నాలుగు దుంపలు తెచ్చింది. తరిగింది, కడిగింది, గుడ్డ మీద ఆరబెట్టింది, రెండుసార్లు వేయించింది. గంట పైనే పట్టింది. ఆ గంటా తన పని తను చేసుకుంది, నేను కూర్చుని చూశాను. రంగు అయిదోదే.

పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. హోటల్లో ఆవిడ చేత్తో వేయించినవి మూడేళ్లు తిన్నాను. ఆవిడ ఇంట్లో పళ్లెం ముందు మాత్రం నా చెయ్యి వెనక్కి తగ్గింది. ఇది రాయకుండా దాటేస్తే మిగతాదంతా రాయడం దండగ. ఆవిడ కనిపెట్టేసింది.

"కొత్త మూకుడండి. నీసు తగల్లేదండి. నూనె ప్యాకెట్టు మీ ఎదురుగానే కోసేను కదండీ."

నా మొహం మాడిపోయింది. నేను చెయ్యి చాపబోతుంటే, "ఒక్క నిమిషమండి," అని చెంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది.

ప్రార్థన మొదలుపెట్టింది. ముందుంచిన ఆహారం కోసం స్తోత్రాలు చెప్పింది. అయిపోయిందనుకున్నాను. తెగిపోయిన గట్ల కోసం, పని పోయిన ఇళ్ల కోసం ప్రార్థించింది. భర్త నడుం నొప్పి గురించి చెప్పింది. పక్కింటి పిల్ల పరీక్షలు, పాస్టరుగారి మోకాలు, ఊళ్లో మంచినీళ్లు, ఏదీ వదల్లేదు. రాజుగారి వ్యాపారాన్ని దీవించమంది. తర్వాత గొంతు మార్చకుండానే, "మా ఇంటికి వచ్చిన గుప్తగారిని కూడా జ్ఞాపకం చేసుకో తండ్రీ. ఆయన నోటికి మంచి రుచి ఇచ్చావు. కాస్త ఓర్పు కూడా దయచెయ్యి," అంది.

నేను కళ్లు తెరిచే ఉన్నాను. ఎటు చూడాలో తెలియక పళ్లెంకేసి చూస్తున్నాను. పళ్లెం తెచ్చి పెట్టినప్పుడు ముక్కల మీద ఆవిరి లేస్తోంది. పాస్టరుగారి మోకాలి దగ్గరికి వచ్చేసరికి ఆవిరి ఆగిపోయింది. అప్పుడు నాకు మా ఏసీ హాలు గుర్తొచ్చింది.

ఆ బల్లల దగ్గర ముందొచ్చింది ముందు తినరు. చిప్స్ వస్తాయి, బల్లమీద ఉంటాయి. బిర్యానీ వస్తుంది, అందరి పళ్లేల్లో వడ్డన అవుతుంది. అప్పుడు ఇంటిపెద్ద కళ్లు మూసుకుంటారు. నేను అయిదారేళ్లుగా అక్కడే తిరుగుతున్నాను. కానీ కళ్లు మూసుకున్న మనుషుల్ని నిలబడి చూడటం మర్యాద కాదని, సరిగ్గా ఆ సమయానికి వంటింట్లోకి వెళ్లిపోయేవాణ్ణి. అన్నేళ్లలో ఒక్క ఆమేన్ కూడా నా చెవిన పడలేదు.

"ఆమేన్," అంది రూతమ్మ. చెంగు సర్దుకుంది. "తీసుకోండి."

కొరికాను. చల్లబడిన ముక్క, ఆవిరి లేని ముక్క, నా పళ్ల కింద పటుక్కుమని విరిగింది. ఆ ఇంట్లో ఆ చప్పుడు ఎంత గట్టిగా వినిపించిందో చెప్పలేను.

"ఇప్పుడెయ్యండి మార్కులు," అంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం ఏమీ లేదు అందులో, ఉప్పే.

"మూడేళ్లుగా నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేనండి. ఆగాలి అన్నానండి, ఎర్రగా వేగితేనే చల్లారాక కూడా కరకర ఆగుద్దండి. మీరు ఎంతసేపని అడగలేదండి. మీరు మూకుడు పక్కన తినేసి మార్కులు వేసేసేవారు. కస్టమర్లెవరూ మూకుడు పక్కన తినరు కదండీ."

తప్పు నాదేనని, మళ్లీ రమ్మని అడిగాను. అడగడానికి చేతులు జోడించాల్సి వచ్చింది, జోడించాను. ఆవిడ పళ్లెం నావైపు ఇంకాస్త జరిపింది.

"రాజుగారు ఒప్పుకుంటే వస్తానండి. కానీ ఇకమీదట మీరు నిలబడి తినకూడదండి. హాల్లోకెళ్లి కూర్చుని, ఆగి తినండి."

ఆ రోజు నుంచి ఆవిడతో నా నోట 'నువ్వు' రాలేదు.

ఆరో గడి

సాయంత్రం రాజుగారి ముందు నిలబడ్డాను. నా ఉద్యోగం కూడా పోతుందనే అనుకుని వెళ్లాను.

"కాగితం మీద సంతకం మీదే కదండీ?" అన్నారు.

"నాదేనండి. నోరు తప్పు చెప్పలేదండి. నేను తినాల్సిన చోట తినలేదండి."

సంగతంతా విన్నాక ఆయన కోప్పడలేదు. ఆ ఆదివారం రెండు పళ్లేలు తెప్పించుకుని హాల్లో ఒక కుటుంబం పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. ఒకటి ప్యాకెట్‌ది, రెండోది రూతమ్మ వచ్చి వేయించింది. పక్క బల్ల పెద్దాయన కళ్లు తెరిచాకే రాజుగారు చెయ్యి పెట్టారు. రెండూ కొరికారు. నావైపు చూసి, "గోడమీద ఆ అట్ట తీసెయ్యండి," అన్నారు. ప్యాకెట్ల వ్యాను మళ్లీ మా హోటల్ ముందు ఆగలేదు.

షీట్‌లో ఆరో గడి నేనే గీశాను. 'ఆగిన తర్వాత' అని రాశాను. వంటింట్లో వాళ్లు దాన్ని ఆమేన్ గడి అని పిలవడం మొదలుపెట్టారు. తర్వాత షీట్లు అచ్చు వేయించినప్పుడు ఆ పేరే పడింది. నాకు ప్రార్థనలు రావు. మూల బల్ల దగ్గర పళ్లెం ముందు కూర్చుని, మా నాన్నగారి కొట్టుకు సరుకు కోసం జనం వచ్చే ఊళ్ల పేర్లు మనసులో వరసగా చెప్పుకునేవాణ్ణి. గణపవరం, ఉండి, చింతలపూడి, అలా ఒక నలభై ఊళ్లు. చివరి ఊరు చెప్పాక కొరికేవాణ్ణి. నా ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైన సమయం అదే. ఏసీ చల్లగా ఉండేది, చుట్టూ మనుషులు మాట్లాడుకుంటూ ఉండేవారు, కొట్టు అరుగుమీద నాన్నగారు కనిపించేవారు. రూతమ్మ వంటింటి తలుపు సందులోంచి నన్ను చూస్తుండేది.

ఆవిడ చూపు మందగించేదాకా అక్కడే పనిచేసింది. నేనూ రిటైరై గూడెం వచ్చేశాను. పండగలకి ఫోన్లు చేసుకుంటాం. క్రిస్మస్‌కి నేను చేస్తాను, దీపావళికి ఆవిడ చేస్తుంది. ఈసారి మాత్రం ఏ పండగా లేకుండానే చేశాను. షీట్‌లో ఆ గడి ఇంకా ఉందని చెప్పాను.

ఆవిడ గొంతు ఒక్కసారిగా లేచింది. 

"ఇంకా ఉందాండీ!" అంది. "ఎన్నేస్తున్నారండి ఇప్పుడు?"

ఖాళీగా వదిలేస్తున్నారని చెప్పడానికి నోరు రాలేదు. "తొమ్మిదండి," అన్నాను. పది అంటే నమ్మదు.

"తొమ్మిదే!" అని నవ్వింది. ఎంత సంతోషంగా నవ్విందో నువ్వు వినాల్సింది.

అమ్మాయీ, నేను రుచి విషయంలో అబద్ధం ఆడటం ఇదొక్కసారే. వచ్చే ఆదివారం హాల్లో పెద్దవాళ్లెవరైనా కళ్లు మూసుకుంటే నువ్వు వంటింట్లోకి వెళ్లిపోకు. పళ్లెం ముందు పెట్టుకుని అక్కడే కూర్చో. వాళ్లు ఆమేన్ అన్నాక కొరికి చూడు. ఎంతొచ్చిందో అంతే రాయి, నా మొహం చూసి వెయ్యొద్దు. తొమ్మిది వచ్చిన రోజు మాత్రం నాకు ఫోన్ చెయ్యి. రూతమ్మగారికి నేను మళ్లీ చెప్పాలి.